పెరిగింది ఎంత శాతం? ముందు తేల్చుకోవాల్సింది ‘దేని మీద’ అని

సాధారణ రకం ధాన్యానికి 2024–25లో కనీస మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు. 2025–26కు కేంద్రం దాన్ని 2,369 చేసింది. పెరిగింది 69 రూపాయలు. ఇందులో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా శాతం దగ్గరే. 69ని 2,369తో భాగిస్తే 2.91 వస్తుంది, 2,300తో భాగిస్తే సరిగ్గా 3 వస్తుంది. రెండోదే లెక్క. పెరుగుదల శాతం ఎప్పుడూ పాత విలువ మీద కట్టేదే. పాతదాన్ని వంద వాటాలు చేస్తే, కొత్తగా చేరింది అలాంటివి ఎన్ని వాటాలు అన్నదే ప్రశ్న. కొత్త విలువలో పెరిగిన భాగం అప్పటికే కలిసిపోయి ఉంటుంది కాబట్టి దాంతో భాగిస్తే జవాబు ప్రతిసారీ తగ్గి వస్తుంది.

చేసే పని చిన్నదే. కొత్త విలువలోంచి పాత విలువ తీసెయ్యాలి, వచ్చిన తేడాను పాత విలువతో భాగించాలి, వందతో గుణించాలి. క్యాలిక్యులేటర్ ఉంటే ఇంకా దగ్గరి దారి ఉంది: కొత్తదాన్ని నేరుగా పాతదానితో భాగించి, ఒకటి తీసెయ్యడం. 2,369ని 2,300తో భాగిస్తే 1.03. ఒకటి పోగా మిగిలిన 0.03యే మూడు శాతం. ఈ 1.03ని గుణకం అనుకుందాం. తర్వాత వచ్చే చిక్కుల్లో సగం ఈ గుణకంతోనే విడిపోతాయి.

ఫోను తియ్యకుండా కళ్లంలో నిలబడే కట్టాలంటే, పాత విలువలో ఒక శాతం ఎంతో ముందు చూసుకోవాలి. 2,300లో ఒక శాతం 23. 69లో ఇరవైమూళ్లు మూడు. అయిపోయింది. అంకెలు ఇంత మర్యాదగా లేనప్పుడు పది శాతాన్ని, ఐదు శాతాన్ని ఆసరా చేసుకోవాలి. 2023–24లో ధర 2,183. మరుసటి ఏడాది 2,300 అయింది, తేడా 117. 2,183లో పది శాతం 218, అందులో సగం 109, అది ఐదు శాతం. ఇంకా ఎనిమిది రూపాయలు మిగిలాయి. ఒక శాతం దాదాపు 22 కాబట్టి ఆ ఎనిమిదీ శాతంలో మూడోవంతు పైచిలుకు. ఐదుంపావుకీ ఐదున్నరకీ మధ్య అని నోటిలెక్కతోనే చెప్పేయొచ్చు. కచ్చితంగా కడితే 5.36.

పుట్టి మారకపోతే శాతం మారదు

నెల్లూరు జిల్లాలో ధాన్యం బేరం పుట్లలో సాగుతుంది. పుట్టి అంటే 850 కిలోలు, ఎనిమిదిన్నర క్వింటాళ్లు. పై మద్దతు ధరనే పుట్టికి మారిస్తే 19,550 నుంచి 20,136.50కి పెరిగినట్టు. తేడా 586.50 అయింది, శాతం మాత్రం అదే మూడు. పాత ధర, కొత్త ధర ఒకే కొలతలో ఉన్నంతవరకు కిలో అయినా, 75 కిలోల బస్తా అయినా, పుట్టి అయినా శాతానికి ఒకటే.

కొలత ఒక పక్కనే మారితే లెక్క తల్లకిందులవుతుంది. కిందటి ఏడు పుట్టి 18,000కి పోయింది, ఈ ఏడు 18,700 అన్నారు అనుకుందాం. చూడ్డానికి 3.89 శాతం పెంపు. అయితే తేమ అనో, తాలు అనో చెప్పి ఈసారి పుట్టికి 890 కిలోలు కాటా వేశారు. అప్పుడు కిలో ధర నిరుడు 21.18 రూపాయలు, ఈసారి 21.01. పెరగడం మాట అటుంచి, 0.78 శాతం తగ్గింది. పుట్టి రేటు మీద ఎంత గీచిగీచి బేరం చేసినా, కాటా దగ్గర నలభై కిలోలు వదిలితే ఆ పెంపంతా పోయి ఇంకొంచెం చేతి నుంచి పడుతుంది. రెండేళ్ల ధరలు పోల్చే ముందు రెండింటినీ కిలోకి దించుకోవడం అందుకే.

ధర పెరిగిన శాతమూ, చేతికి మిగిలేది పెరిగిన శాతమూ కూడా ఒకటి కావు. క్వింటాలుకు పెట్టుబడి 1,800 పడేచోట 2,300 వస్తే మిగిలేది 500. మరుసటేడు ధర మూడు శాతం పెరిగి 2,369 అయింది, పెట్టుబడి ఎనిమిది శాతం పెరిగి 1,944 అయింది అనుకుంటే మిగిలేది 425. ధరలో మూడు శాతం పెంపు, మిగులులో పదిహేను శాతం కోత. మూడులోంచి ఎనిమిది తీసేసి ‘ఐదు శాతం నష్టం’ అనేవారు ఉంటారు. ఆ తీసివేతకు అర్థం లేదు, ఎందుకంటే మూడు 2,300 మీద కట్టింది, ఎనిమిది 1,800 మీద కట్టింది, కావాల్సిన జవాబు 500 మీద కట్టాలి.

కౌంటు తగ్గితే బరువు ఎంత పెరిగినట్టు

పెరుగుదల శాతం అత్యంత తికమకగా తయారయ్యేది రొయ్యల గుంటల దగ్గర. విడవలూరు, ఇందుకూరుపేట వైపైనా, కొత్తపట్నం, సింగరాయకొండ వైపైనా వనామీ రకం రొయ్యల బేరం కౌంటు మీద జరుగుతుంది. కౌంటు అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయన్న సంఖ్య. రొయ్య పెరిగేకొద్దీ కౌంటు తగ్గుతుంది, అసలు మెలిక అక్కడే ఉంది. కౌంటు 50 నుంచి 40కి వచ్చింది, అంటే కౌంటు 20 శాతం తగ్గింది. దీన్ని చూసి రొయ్య 20 శాతం పెరిగిందనుకుంటే తప్పు. 50 కౌంటు రొయ్య 20 గ్రాములు, 40 కౌంటు రొయ్య 25 గ్రాములు. పెరిగింది 5 గ్రాములు, ఇరవై మీద ఐదు, అంటే 25 శాతం. వెయ్యిని కౌంటుతో భాగిస్తే గ్రాములు వస్తాయి. శాతం కట్టాల్సింది ఆ గ్రాముల మీద. కౌంటు 100 నుంచి 50కి వచ్చినప్పుడు ఈ తేడా మరీ పెద్దది: కౌంటు సగమే తగ్గింది, బరువు నూరు శాతం పెరిగింది. 40 నుంచి 30కి దిగితే కౌంటు పావువంతు తగ్గుతుంది, బరువు మూడోవంతు పెరుగుతుంది.

వల విసిరి శాంపిల్ చూసిన రైతు రొయ్య 25 శాతం పెరిగిందని సంబరపడితే, గుంటలో సరుకు కూడా 25 శాతం పెరిగిందని కాదు. ఆ మధ్యలో కొన్ని చనిపోయి ఉంటాయి. లక్ష పిల్లలు వదిలిన గుంటలో 50 కౌంటు నాటికి 90 వేలు బతికి ఉన్నాయి, 40 కౌంటు నాటికి 80 వేలే మిగిలాయి అనుకుందాం. అప్పుడు 1,800 కిలోలు, ఇప్పుడు 2,000 కిలోలు. సరుకు పెరిగింది 11.11 శాతమే. ఇక్కడ గుణకం పనికొస్తుంది. బరువు గుణకం 1.25, మిగిలిన రొయ్యల గుణకం 80ని 90తో భాగిస్తే 0.8889, రెండూ గుణిస్తే 1.1111. దీనికి ధర కూడా కలపొచ్చు. 50 కౌంటుకు కిలో 300, 40 కౌంటుకు 340 పలికితే ధర గుణకం 1.1333. మూడూ గుణిస్తే 1.2593, పట్టుబడి విలువ 25.93 శాతం పెరిగింది. కిలోల మీద నేరుగా కట్టినా అంతే: 5,40,000 నుంచి 6,80,000. ఆ అదనపు 1,40,000లో మేత, కరెంటు, మందుల ఖర్చు పోను ఎంత మిగిలిందన్నది వేరే లెక్క. ఇంకొన్నాళ్లు ఆపాలా, వల దించాలా అన్న నిర్ణయం మాత్రం 25.93 మీద కాకుండా ఆ మిగులు మీద ఆధారపడాలి.

గమనించాల్సింది ఒకటుంది. ఒకే వస్తువు పరిమాణం, ధర, సంఖ్య లాంటివి ఒకదానితో ఒకటి గుణించుకునేవి అయినప్పుడు వాటి శాతాలను కూడకూడదు, గుణకాలను గుణించాలి. చీమకుర్తి గ్రానైట్ దిమ్మె పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కొక్కటీ పది శాతం ఎక్కువుంటే ఘనపరిమాణం 30 శాతం ఎక్కువ ఉండదు, 33.1 శాతం ఎక్కువ ఉంటుంది.

శాతమే పెరిగినప్పుడు

సోమశిల జలాశయం పూర్తి సామర్థ్యం సుమారు 78 టీఎంసీలు. అందులో 40 శాతం ఉన్న నీరు 60 శాతానికి చేరితే ‘20 శాతం పెరిగింది’ అని రాసేస్తుంటారు. 31.2 టీఎంసీలు 46.8 అయ్యాయి, నీరు పెరిగింది సరిగ్గా 50 శాతం. ఇరవై అన్నది శాతం పాయింట్లు, అంటే పూర్తి సామర్థ్యాన్ని వంద చేసుకుని చూసిన తేడా. పాయింట్లు అన్న ఒక్క మాట చేరిస్తే రెండూ నిజాలే. ఆ మాట ఎగిరిపోతే చదివేవాడికి కొత్తగా చేరిన నీళ్లలో సగానికి పైగా కనపడవు.

ఇదే తేడా వడ్డీ దగ్గర జేబుకు తగులుతుంది. నూటికి రూపాయిన్నర మీద అప్పు తెచ్చుకున్నవాణ్ని ఇకనుంచి రెండు రూపాయలు కట్టమంటే, వినడానికి అర్ధ రూపాయే. లక్షకు నెల వడ్డీ 1,500 నుంచి 2,000 అయింది. కట్టాల్సింది 33.33 శాతం పెరిగింది. ఏడాదికి చూస్తే 18 శాతం వడ్డీ 24 శాతమైంది, ఆరు పాయింట్లు. ఇచ్చేవారు అర్ధ రూపాయి అంటారు, తీసుకునేవారు మూడోవంతు భారం పెరిగిందంటారు. ఇద్దరి లెక్కా సరైనదే. కట్టేవాడికి పనికొచ్చేది మాత్రం రెండోది.

2025 ఆగస్టులో అమెరికా భారత సరుకుల మీద వేసిన సుంకం మంచి ఉదాహరణ. ఆగస్టు 7 నుంచి 25 శాతం, 27 నుంచి దానిపైన మరో 25. రొయ్యల మీద అంతకుముందున్న ఇతర సుంకాలు పక్కనపెట్టి చూస్తే, సుంకం 25 పాయింట్లు పెరిగింది. సుంకం నూరు శాతం పెరిగింది అన్నా తప్పు కాదు, 25 రెట్టింపై 50 అయింది కదా. కానీ కొనేవాడికి సరుకు ఎంత ప్రియమైంది? వంద డాలర్ల సరుకు సుంకంతో కలిపి ఆగస్టు రెండో వారంలో 125, నెలాఖరుకు 150. అంటే 20 శాతం. పాతిక, వంద, ఇరవై: మూడు అంకెలూ ఒకే నిర్ణయం గురించినవే. గుంట గట్టు మీద ధర తగ్గించేటప్పుడు పెద్ద అంకెనూ, పెంచేటప్పుడు చిన్న అంకెనూ వల్లించే అలవాటు వ్యాపారంలో కొత్తేమీ కాదు.

పడిన ధర తిరిగి లేవడం గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. కిలో 400 ఉన్న కౌంటు 300కు పడితే 25 శాతం తగ్గింది. తిరిగి 25 శాతం పెరిగితే వచ్చేది 375 మాత్రమే. మళ్లీ 400 కావాలంటే 33.33 శాతం పెరగాలి, ఎందుకంటే ఈసారి పాత విలువ 300. సగానికి పడినది మళ్లీ లేవాలంటే నూరు శాతం పెరగాలి.

రెట్ల దగ్గర జరిగే పొరపాటు మరీ మామూలైపోయింది. రెట్టింపు అంటే 100 శాతం పెంపు. మూడు రెట్లు అంటే 200 శాతం. 300 శాతం పెరిగితే నాలుగు రెట్లు అవుతుంది. ‘300 శాతం పెరిగి మూడు రెట్లయింది’ అన్న వాక్యంలో ఏదో ఒకటి అబద్ధం.

సగటు చేసే మాయ

ఒంగోలు, కొండపి, పొదిలి, కనిగిరి పొగాకు వేలం కేంద్రాల్లో సీజను మధ్యలో అందరూ అడిగేది సగటు ధర ఎంత అని. సగటు పెరిగితే రైతుకు ధర పెరిగినట్టే అనుకోవడం సహజం, కానీ సరుకు కలయిక మారితే అది నిలవదు. ఒకే బరువున్న వంద బేళ్లు అనుకుందాం. నిరుడు 70 బ్రైట్ గ్రేడు (మేలురకం ఆకు) కిలో 300కి, 30 లోగ్రేడు 200కి పోయాయి. సగటు 270. ఈ ఏడు బ్రైట్ ఐదు శాతం పెరిగి 315, లోగ్రేడు పది శాతం పెరిగి 220. రెండూ పెరిగాయి. అయితే వానకు ఆకు దెబ్బతిని బ్రైట్ 40 బేళ్లే వచ్చాయి, లోగ్రేడు 60. సగటు 258, అంటే 4.44 శాతం తగ్గింది.

ఏ గ్రేడు ధరా తగ్గలేదు, సగటు తగ్గింది. కొనుగోలుదారులు ధర పెంచామంటే నిజమే, రైతు తనకు తక్కువ వచ్చిందంటే అదీ నిజమే. దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది: లోగ్రేడు తక్కువగా వచ్చిన ఏడాది గ్రేడు ధరలన్నీ కాస్త తగ్గినా సగటు పైకి లేస్తుంది. కాబట్టి సగటు పెరుగుదల శాతం చెప్పినప్పుడు గ్రేడువారీ బేళ్ల సంఖ్య కూడా పక్కన లేకపోతే అది సగం సమాచారమే.

ఎప్పటి నుంచి, ఏ హద్దు లోపల

గూడూరు, పొదలకూరు నిమ్మ మార్కెట్లలో చలికాలంలో ధర పడిపోవడం, ఎండాకాలంలో మండిపోవడం ఏటా ఉన్నదే. డిసెంబరులో కిలో 15 పలికి ఏప్రిల్‌లో 90 అయితే 500 శాతం పెరిగింది. నిరుడు ఏప్రిల్‌లో 100 ఉంటే, అదే 90 పది శాతం తగ్గినట్టు. మొదటి అంకె పతాక శీర్షికకు బాగుంటుంది, రెండోదే తోటవాడికి పనికొచ్చేది. ఋతువును బట్టి ఊగే సరుకును కిందటేడు అదే నెలతో పోల్చాలి. పాత విలువ మరీ చిన్నదైనప్పుడు శాతం ఎంత పెద్దగా వచ్చినా అది పెరుగుదల గొప్ప కాదు, పాతదాని పేదరికం.

ఏళ్ల తరబడి పెంపును కూడేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త. సాధారణ రకం ధాన్యం మద్దతు ధర 2022–23లో 2,040. ఆ తర్వాత 2,183, 2,300, 2,369. ఏటేటా పెంపు 7.01, 5.36, 3.00 శాతం. కూడితే 15.37. కానీ 2,040 నుంచి 2,369కి పెరిగింది 329, శాతం 16.13. తేడా ఎందుకొచ్చిందంటే రెండో ఏటి శాతం అప్పటికే పెరిగిన 2,183 మీద కట్టింది, మూడోది 2,300 మీద. మళ్లీ గుణకాలే దారి: 1.0701, 1.0536, 1.03 గుణిస్తే 1.1613 వస్తుంది. ఏడాదికి సగటున ఎంత అంటే 16.13ని మూడుతో భాగించి 5.38 అనకూడదు. ఏ గుణకాన్ని మూడుసార్లు గుణిస్తే 1.1613 వస్తుందో వెతకాలి. 1.05తో 1.1576, కాస్త తక్కువ. 1.051తో 1.1609, ఇంకొంచెం కావాలి. 1.0511తో సరిపోతుంది. ఏడాదికి 5.11 శాతం.

జిల్లా జనాభా దగ్గర ఇంకో పాఠం. 2001 నుంచి 2011కి నెల్లూరు జిల్లా 26,68,564 నుంచి 29,63,557కు, ప్రకాశం 30,59,423 నుంచి 33,97,448కు చేరాయి. నెల్లూరులో పెరిగింది 2,94,993, ప్రకాశంలో 3,38,025. రెండో దశాంశానికి కుదిస్తే రెండు జిల్లాలదీ 11.05 శాతమే. మంది లెక్కన నలభై మూడు వేల తేడా, శాతం లెక్కన ఏ తేడా లేదు. బడులు, రేషను బియ్యం అంచనాకు మంది కావాలి; ఎవరు వేగంగా పెరుగుతున్నారో చూడ్డానికి శాతం కావాలి.

అయితే ఈ 2011 అంకెను పట్టుకుని తర్వాతి నెల్లూరు అంకెతో పోలిస్తే పప్పులో కాలేసినట్టే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మార్చినప్పుడు గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి తిరుపతి జిల్లాకు పోయాయి, ప్రకాశం నుంచి కందుకూరు నెల్లూరులోకి వచ్చింది; ప్రకాశం వైపు చీరాల, అద్దంకి, పర్చూరు బాపట్లలో చేరాయి. పేరు అదే, కింద ఉన్న నేల వేరు. వరి విస్తీర్ణం అయినా, వాహనాల సంఖ్య అయినా, హద్దు మారిన ఏడాదికి అటూఇటూ శాతం కట్టాలంటే మండలాలవారీ అంకెలు తీసుకుని పాతదాన్నీ కొత్త హద్దులోకి పేర్చుకోవాలి. ఆ ఓపిక లేకపోతే పోల్చకపోవడమే నయం.

అసలు శాతమే కుదరని సందర్భాలు రెండున్నాయి. నిరుడు సున్నా అయితే భాగించడానికి ఏమీ లేదు. కొత్తగా వేసిన పంట మీద ‘నూరు శాతం పెరుగుదల’ అని రాయడం అర్థం లేని పని, ఎన్ని ఎకరాలో చెప్పేస్తే చాలు. నిరుడు నష్టం అయితే ఇంకా వింత. గుంట మీద 50,000 పోయిన రైతుకు ఈ ఏడు లక్ష మిగిలింది. సూత్రంలో పెడితే మైనస్ 300 శాతం వస్తుంది. లాభం వచ్చినవాడికి అంత పతనం ఏమిటి? అక్కడ ‘యాభై వేల నష్టం పోయి లక్ష లాభం’ అని మాటల్లోనే చెప్పాలి.

ఎక్సెల్‌లో కట్టేవారు చేసే తప్పులు దాదాపు ఒకే తీరున ఉంటాయి. పాత ధర ఏ2 గడిలో, కొత్తది బీ2లో ఉంటే, బీ2లోంచి ఏ2 తీసే భాగాన్ని బ్రాకెట్లలో పెట్టి ఆ తర్వాత ఏ2తో భాగించాలి. బ్రాకెట్లు మరిస్తే ముందు ఏ2ని ఏ2తో భాగించి, వచ్చిన ఒకటిని బీ2లోంచి తీసి 2,368 చూపిస్తుంది. ఇంకో తప్పు, సూత్రంలో వందతో గుణించి, గడికి మళ్లీ శాతం గుర్తు పెట్టడం. మూడు శాతం 300 శాతమై కూర్చుంటుంది. ఏటేటి ధరలు ఒకదాని కింద ఒకటి ఉన్నప్పుడు సూత్రాన్ని కిందికి లాగేముందు, ప్రతి వరుసనూ దాని పైవరుసతో పోల్చాలా, లేక అన్నిటినీ మొదటి ఏడాదితోనే పోల్చాలా అన్నది తేల్చుకోవాలి. రెండోదైతే మొదటి గడిని డాలరు గుర్తుతో బిగించాలి.

ఫోన్‌లో శాతం మీటను నమ్మే ముందు ఒకసారి పరీక్షించుకోవాలి. 2,300 కొట్టి, ప్లస్ 3, శాతం మీట నొక్కితే 2,369 రావాలి. కొన్ని యాప్‌లు మూడు శాతాన్ని ఊరికే 0.03గా తీసుకుని 2,300.03 చూపిస్తాయి. అలాంటిది చేతిలో ఉంటే ఆ మీట జోలికి పోకుండా 2,300ని 1.03తో గుణించడమే మేలు.